మేనమామలు తొవ్వ తప్పే వేళ

ఎండాకాలం సెలవులంటే పిల్లలకంటే సార్లకే ఎక్కువ ఇష్టం. ఈ సంగతి మేం బడిలో బయటపెట్టం. నేను కరీంనగర్‌లో ఒక బడిలో సోషల్ చెబుతాను. ఏడాదంతా పిల్లల చేత నదులూ కొండలూ పటంలో గుర్తు పెట్టిస్తాను గానీ, సెలవులు రాగానే కూలర్ ముందు చాప పరుచుకుని పడుకోవడమే నా పని. మధ్యాహ్నం నిద్ర పట్టీ పట్టని ఘడియలో ఆ కూలర్ చప్పుడు ఏటి చప్పుడులా వినిపిస్తుంది. నడక లేదు, ఎండ లేదు, టికెట్ లేదు. నా దృష్టిలో యాత్ర అంటే అదే.

ఈసారి మా అక్క ఫోన్ చేసి లేపింది.

అక్క వాళ్లు సిరిసిల్లలో ఉంటారు. బావ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. వాళ్లకు ఒక్కతే కూతురు, నిత్య. ఐదో తరగతి అయిపోయి ఆరులోకి వస్తోంది.

"గీ పిల్లతోని పరేషాన్ అయితుందిరా," అంది అక్క. "పుస్తకం ముట్టది. ఆడుకోనీకి పోది. అబాకస్ క్లాసుల చేర్పిస్తే రెండొద్దులు పోయి ఇగ పోనన్నది. గోడకు ఒరిగి కూసుంటది, గంతే. సెలవులు ఒడిసేదాక గిట్లనే ఉంటె మెదడు తుప్పు పడ్తదిరా. నువ్వు సారువు గద, జర ఎటన్న తోల్కపో."

నాకు ఆశ్చర్యమేసింది. నాకు తెలిసిన నిత్య కథల పుట్ట. చీమ కనబడితే చీమకో పేరు పెట్టి, దానికి పెళ్లి చేసి, అత్తగారింటికి పంపేదాకా నోరు మూసేది కాదు. ఈ ఏడాది ఏమైందో ఎవరికీ తెలియదు.

ఎటు తీసుకుపోవాలా అని ఆలోచిస్తే శీను గుర్తొచ్చాడు. శీను నా తమ్ముడు, నిత్యకు చిన్న మేనమామ. బావ పనిచేసే షెడ్డులోనే సాంచాలు నడిపేవాడు. కిందటి ఎండాకాలం చీరల మూట బండి మీద కట్టుకుని ఉట్నూరు అంగడికని బయల్దేరాడు. అడవిలో తొవ్వ తప్పాడు. తొవ్వ అంటే మా వైపు దారి. తప్పి తప్పి ఎక్కడో కల్వర్టు మీద బండి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. దగ్గర్లోని గూడెం వాళ్లు మంచం మీద మోసుకుపోయి కాపాడారు. కాలు అతుక్కుంది. మనిషి మాత్రం తిరిగి రాలేదు. అక్కడే పాత కుట్టుమిషను ఒకటి బాగుచేసుకుని దర్జీ కొట్టు పెట్టుకున్నాడు. వారం వారం ఫోన్ చేస్తాడు. వాడి ఫోన్ మోగితే నిత్య లోపలి గదిలోకి పోతుంది. మామ రాలేదని అలిగిందని మేమంతా అనుకున్నాం.

"శీనుమామ దగ్గరికి పోదామా?" అని ఫోన్‌లో నిత్యను అడిగాను. "నిజంగ ఉన్నడా?" అంది.

అదేం ప్రశ్న అని అప్పుడు నవ్వాను.

వేములవాడలో కోడె

సిరిసిల్ల నుంచి వేములవాడ పక్కనే. బయల్దేరేటప్పుడు అక్కడి రాజన్న దేవుడికి దండం పెట్టుకోకపోతే అక్క ఊరుకోదు. మా అవ్వ, అంటే మా అమ్మ, దారికని అటుకుల చుడువ కట్టిచ్చింది. సగం చుడువ దర్శనం లైనులోనే నేను తినేశాను.

అక్కడ కోడె మొక్కు చెల్లించే ఆచారం ఉంది. కోరిక తీరినవాళ్లూ, తీరాలనుకునేవాళ్లూ ఒక కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. మా ముందు చెన్నూరు నుంచి వచ్చిన ఒకామె కోడెను పట్టుకుని నిలబడింది. చేలో బోరు వేస్తే నీళ్లు పడ్డాయట, ఆ మొక్కు. ఇంతలో ఆమెకు ఫోన్ వచ్చింది. "జర పట్టుకో అన్నా," అని పగ్గం నా చేతిలో పెట్టింది. కోడెకు నేను కొత్తవాణ్నని తెలిసిపోయినట్టుంది. అరటిపండ్ల గంప వైపు నడిచింది. నేను వెనక నడిచాను. నడిచాను అనడం మర్యాద కోసం. పండ్లమ్మే ముసలామె నన్నూ కోడెనూ కలిపి తిట్టింది. పోయిన రెండు పండ్లకు ఇరవై రూపాయలిచ్చి బయటపడ్డాను. నిత్య నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది గానీ నవ్వలేదు.

మొక్కు అయ్యాక చెన్నూరామె మాతోపాటే నీడలో కూర్చుంది. చాయ్ తెప్పించింది, పైసలు ఇవ్వనివ్వలేదు.

"సెలవులల్ల ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అని నిత్యను అడిగింది.

"ఏం లే," అంది నిత్య.

ఈ ప్రయాణంలో ప్రతి ఒక్కరూ ఆ పిల్లను ఇదే అడిగారు. సెలవుల్లో పిల్లను చూస్తే పెద్దవాళ్లకు వేరే మాట తోచదు కాబోలు. ప్రతిసారీ ఆ పిల్ల జవాబూ అదే.

ఆమె వెళ్లిపోయాక బస్సుకు ఇంకా టైముంది. నిత్యను నవ్వించాలని, "అనగనగా ఒక కోడె ఉండె. దానికి అరటిపండ్లంటే..." అని మొదలుపెట్టాను. నిత్య గబుక్కున లేచి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పగటీలి చెప్పకు మామా. నువ్వు గూడ తొవ్వ తప్పుతవ్."

అప్పటికి నాకు అర్థమైంది. మా అవ్వ పుట్టిల్లు పెన్‌గంగ ఒడ్డున, మహారాష్ట్ర కనబడేంత దగ్గర. అక్కడి నుంచి తెచ్చుకున్న పట్టింపు ఒకటి ఆమెకు ఉంది. పగటిపూట కథ చెబితే మేనమామలు తొవ్వ తప్పుతారట. కథలన్నీ పొద్దుగూకినాకే. సిరిసిల్లలో ఇంకెవరికీ ఈ మాట తెలియదు. మా ఇంట్లో మాత్రం చిన్నప్పటినుంచీ విన్నాం. మాకు మేనమామలు లేరు కాబట్టి నేనూ శీనూ పగలు హాయిగా కథలు చెప్పుకునేవాళ్లం.

నిత్యకు ఉన్నారు. ఇద్దరు.

కిందటేడు శీను పడిన రోజు మిట్టమధ్యాహ్నం బయట సాంచాలు మోగుతుంటే అరుగు మీద నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని నిత్య కథ చెబుతోంది. బస్సును మింగిన మేక కథ. ఎవరూ చెప్పింది కాదు, సొంతంగా అల్లినది. కథ నడుమలో ఉండగా ఇంట్లో ఫోన్ మోగింది. శీను తొవ్వ తప్పి పడిపోయాడని.

"నేనే తప్పిచ్చిన," అంది నిత్య. ఏడవలేదు. ఏడాది కింద ఏడ్చేసిన మాటలా చెప్పింది.

నేను సారును కదా, విడమరచి చెప్పాను. పిల్లలు పగలు పని మాని కథల్లో పడతారని పెద్దవాళ్లు పెట్టిన భయం అది, కథకూ తొవ్వకూ సంబంధం లేదు, అని. నిత్య అంతా విన్నది.

"మరి మామ ఎందుకు తప్పిండు?"

ఆ పిల్ల ఏడాదిపాటు పుస్తకం ఎందుకు తెరవలేదో, ఫోన్ మోగితే ఎందుకు పారిపోయిందో అంతా ఒక్కసారే తెలిసింది. నన్ను కూడా పోగొట్టుకుంటానేమోనని నోరు మూసుకుని కూర్చున్నదా ఈ పిల్ల? ఇక ఈ ప్రయాణం సెలవుల కాలక్షేపం కాదు. శీనును కళ్లారా చూపించి, ఆ పిల్ల గుండెలోంచి ఈ భయం తీసి పారెయ్యాలి. ఎలాగో మాత్రం తెలియదు.

ఖానాపూర్ బస్సులో ఎస్తేరమ్మ

ఎండాకాలం మధ్యాహ్నం బస్సులో ప్రయాణం చేసినవాళ్లకు తెలుసు, అది సగం నిద్రే. కిటికీలోంచి వేడిగాలి ముఖానికి కొడుతుంది. రోడ్డు మీద దూరంగా నీళ్లు మెరుస్తాయి, దగ్గరికి పోతే ఉండవు. మక్క చేలు కోసేసిన బీళ్లు, పసుపు ఆరబోసిన కళ్లాలు, ఒంటరి తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి కలలోలా పోతుంటాయి. నేను మేలుకున్నానో లేదో నాకే తెలియని స్థితిలో ఉండగా ఎవరో చేతిలో సర్వప్ప ముక్క పెట్టారు.

పక్క సీటులో ఎస్తేరమ్మ అని ఒకామె. జగిత్యాలలో ఒక దవాఖానాలో ఆయాగా పనిచేస్తుందట. ఖానాపూర్‌లో చర్చి వాళ్ల పెండ్లికి పోతోంది. టిఫిన్ డబ్బా నిండా సర్వప్ప. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు వేసి గిన్నెకు ఒత్తి కాల్చింది. మా ఇంట్లో పచ్చిమిర్చి వేస్తారు, ఆమె ఎండు కారం వేసింది. ఎక్కువ తింటే గానీ ఏది మంచిదో తేల్చలేనని చెప్పి మరో ముక్క అడిగి తీసుకున్నాను.

"సెలవులల్ల ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఏం లే."

"అయ్యో, మా చర్చిల సెలవులస్తె పిల్లలకు పొద్దుగాల్నుంచి కథలే. సముద్రం రెండు పాయలైన కథ, చేప కడుపుల మనిషి వడ్డ కథ. నేనే చెప్త. నువ్వు గూడ రారాదు."

నిత్య తల ఎత్తింది. "పొద్దుగాల చెప్తరా? పగటీలి?"

"పగటీలి గాకుంటె ఎప్పుడు చెప్తరే?"

నా ప్రాణం లేచి వచ్చింది. నిత్యకు ఉన్న భయం గురించి ఎస్తేరమ్మకు మెల్లగా చెప్పాను. ఆమె గట్టిగా నవ్వింది. "జర గీ ముచ్చట చూడు! ఏండ్ల సంది చెప్తున్న బిడ్డా. మా పిల్లల మేనమామలు, మా అన్నదమ్ములు, ఒక్కరన్న తప్పిండ్రా?"

"మరి ఏడ ఉన్నరు?" అంది నిత్య.

"పెద్దాయన బొంబాయిల ఉన్నడు. నడిపాయన దుబాయి పోయిండు. చిన్నోడు మస్కట్ల..."

ఎస్తేరమ్మ ఆగిపోయింది. ఒక్కడూ ఇంటిదగ్గర లేడని ఆమెకే అప్పుడు తట్టినట్టుంది. నిత్య నా వైపు చూసింది. చూశావా మామా అన్నట్టు ఉంది ఆ చూపు. ఎస్తేరమ్మ మాట మార్చి ఇంకో సర్వప్ప తీసింది. నేను వద్దనలేదు.

గోదావరి దగ్గర

వంతెన చేరువలో బస్సు టైరు పంక్చరైంది. అందరం దిగాం. పొద్దు వాలుతోంది. ఏటేటా పిల్లల చేత పటంలో నీలం పెన్సిల్‌తో గీయించే గోదావరి నా ముందు ఇసుకై పరుచుకుని ఉంది. నీళ్లు అవతలి ఒడ్డుకు ఆనుకుని సన్నగా పోతున్నాయి. ఒకాయన కర్బూజలు అమ్ముతున్నాడు, కాయ ముప్పై. కోసి ఇచ్చాడు. తియ్యగా ఉందని చెప్పలేను, చల్లగా ఉంది. ఆ వేళకు అదే చాలు. ఎస్తేరమ్మ చెప్పులు విడిచి ఇసుకలో కూర్చుంది. ఎవరికీ తొందర లేదు. బస్సు చెడిపోతే ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

పొద్దు ఏట్లోకి దిగాక నిత్యను అడిగాను. "ఇప్పుడు చెప్పొచ్చు గద. ఆ మేక ఏమైంది?"

"ఆగిపోయింది మామా. బస్సు ఇంక మేక కడుపులనే ఉన్నది."

"మరి జనం?"

"బస్సులనే ఉన్నరు. కండక్టర్ గూడ. అందరు మా స్టేజి వచ్చిందా అని అడుగుతనే ఉన్నరు."

"దింపెయ్యరాదు?"

తల అడ్డంగా ఊపింది. మళ్లీ మొదలుపెడితే ఈసారి ఎవరికి ఏమవుతుందోనని భయం. పొద్దుగూకినా సరే. ఏడాది నుంచి ఆ జనాన్నంతా చీకట్లో మోస్తూ తిరుగుతోంది పిల్ల. అందుకే వేరే దేనికీ లోపల చోటు లేదు.

నిర్మల్ మామిడిపండ్లు

పొద్దున నిర్మల్‌లో బొమ్మలు చేసేచోటికి పోయాం. పొనికి చెక్కతో చేస్తారు. చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. ఒక పళ్లెంలో మామిడిపండ్లు, జామపండ్లు, సీతాఫలాలు ఉన్నాయి. కిందటి రోజు కర్బూజ చప్పదనం ఇంకా నోట్లో ఉందేమో, "మామిడిపండ్లు కిలో ఎట్ల?" అని అడిగాను. రంగులు వేస్తున్న ఆడవాళ్లంతా కుంచెలు పక్కన పెట్టి నవ్వారు. అవీ చెక్కవే. నిత్య నవ్వింది. ఇంటినుంచి బయల్దేరాక మొదటి నవ్వు. నవ్వించాలని కథలు మొదలుపెట్టినవాణ్ని, ఆకలితో నవ్వించాను.

వాళ్లలో పెద్దామె నిత్య చేతికి కుంచె ఇచ్చి ఒక పిట్ట రెక్కకు రంగు వెయ్యమంది. నిత్య చాలాసేపు, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా వేసింది.

"ఈ పిట్ట ఎటు పోతుంది బిడ్డా?" అందామె.

నిత్య నోరు తెరిచింది. కిటికీలోంచి పడుతున్న ఎండను చూసి మూసేసింది. ఆ పిట్టను కొన్నాం. ప్రయాణమంతా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

ఘాటు ఎక్కాక

నిర్మల్ దాటి ఘాటు, అంటే కొండదారి, ఎక్కితే గాలి మారుతుంది. టేకు చెట్లు ఆకులు రాల్చి నిలబడి ఉంటాయి. ఎండు ఆకుల మీద గాలి పోతుంటే ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది, చూస్తే ఎవరూ ఉండరు. ఇచ్చోడలో దిగి జొన్నరొట్టె తిన్నాం. పక్కన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి దంచిన ఠేచా పెట్టారు. మా కరీంనగర్ కారం తిన్నవాణ్ని, ఇదెంత అనుకున్నాను. రెండో ముద్దకే కళ్లు, ముక్కు, చెవులు అన్నీ నీళ్లు పెట్టుకున్నాయి. హోటలాయన మజ్జిగ గ్లాసు తెచ్చి, "జర హళూ తిను భావూ," అన్నాడు. నెమ్మదిగా తినమని. ఇక్కడి తెలుగులో మరాఠీ అలా కలిసిపోయి ఉంటుంది. మా అవ్వ కోపం వస్తే ఇలాగే మాట్లాడుతుంది.

అక్కడి నుంచి ఆటో. తర్వాత నడక. శీను ఉండే గూడెం పేరు చెప్పను. ఒకటి, చెబితే మీరంతా పోయి ఆ నిశ్శబ్దాన్ని ఖరాబు చేస్తారని. రెండు, ఎలా పోయామో నాకే సరిగా గుర్తులేదు. నడుస్తున్నంతసేపూ నిత్య నా చూపుడువేలు వదల్లేదు.

గూడెంలో మొదట కనబడిన ముసలాయన రెండు చేతులూ జోడించి "రాం రాం" అన్నాడు. మేమూ రాం రాం అన్నాం. ఎవరు, ఎందుకొచ్చారు అని అడగకముందే చెంబుతో నీళ్లొచ్చాయి. మా పట్నంలో అయితే ముందు పనేమిటని అడిగి, తర్వాత చాయ్ సంగతి ఆలోచిస్తాం.

శీను

తడకల కొట్టు. లోపల కుట్టుమిషను టకటకమంటోంది. మిషను ముందు శీను. గడ్డం పెంచాడు, నల్లబడ్డాడు. నన్ను చూసి లేచాడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు.

నిత్య ఆ కాలును చూసింది. నా వెనక్కి పోయి దాక్కుంది.

"ఏందే కోడలా, నా మీద గంత కోపమా?" అన్నాడు వాడు. పిల్ల ముఖం నా వీపుకు ఆనించుకుంది. వాడి ముఖం వాడిపోయింది. ఏడాదిగా ఫోన్‌లో ఆ గొంతు కోసం ఎదురుచూసినవాడు, ఎదురుగా వచ్చినా మాట వినలేకపోయాడు.

సాయంత్రం నిత్య గూడెం పిల్లలతో బావి దగ్గరికి పోయినప్పుడు సంగతంతా చెప్పాను. శీను ముందు నవ్వాడు. తర్వాత మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏడాది సంది గిదా అన్నా? నేను ఫోన్ల నవ్వుకుంట మాట్లాడుతుంటే, ఆడ పిల్ల గిది మోస్తుందా?"

"ఒక్కసారి వచ్చి కనబడితే ఐపోయేదిరా."

"వస్తె బావ సాంచాల కాడ నిలవెడ్తడని భయం. కాదని నాతోని అనరాదు. పదేండ్లు గా చప్పుడుల ఉన్న. ఈడ కాలు కట్టు కట్టుకోని పండుకున్నప్పుడు మొదటిసారి ఆకు రాలిన చప్పుడు విన్న అన్నా. ఇగ పోబుద్ధి కాలే."

కూలర్ చప్పుడు వింటూ పడుకునేవాణ్ని, నేనేం అంటాను?

నిత్య తిరిగొచ్చాక వాడు ఎదురుగా కూర్చున్నాడు. "చూడు కోడలా. ఆ దినం తొవ్వ తప్పకుంటె నాకు గీ ఊరు దొరుకునా? నువ్వు మంచే జేసినవ్." నిత్య వాడి కాలునే చూస్తోంది. మాటలతో అయ్యే పని కాదని ఇద్దరికీ అర్థమైంది. "సరే," అన్నాడు శీను. "రేపు పగటీలి చూద్దాం."

మిట్టమధ్యాహ్నం

అవి తునికాకు కోసే రోజులు. గూడెం వాళ్లు తెల్లవారుజామున అడవికి పోయి, ఎండ ముదిరేలోపు ఆకు మోసుకొచ్చి, నీడన కూర్చుని కట్టలు కడతారు. శీను కొట్టు ముందు పందిరి ఉంది కాబట్టి అందరూ అక్కడే చేరతారు. ఆకు పచ్చివాసనతో పందిరంతా నిండిపోయింది.

నడినెత్తిన సూర్యుడు ఉన్న వేళ శీను మిషను ఆపి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"నేను గా మలుపు దాక పోయొస్త. నువ్వు కథ చెప్పు. ఆపకుంట చెప్పాలె."

నిత్య ముఖం తెల్లబోయింది. "వద్దు మామా!"

ఏడాది తర్వాత ఆ పిల్ల వాడితో అన్న మొదటి మాట అది. శీను ఒక్క క్షణం ఆగాడు. వాడి కళ్లు తడవడం నేను చూశాను. వెంటనే ముఖం తిప్పుకుని, కాలు ఈడ్చుకుంటూ రోడ్డు మీద నడిచి, మలుపులో కనబడకుండా పోయాడు.

ఆకులు కడుతున్న లక్ష్మీబాయి అనే ఆమె సంగతి విని, "చెప్పు పోరీ. రాత్రి అలిసి పండుకుంటం, పగలు గాక ఎప్పుడు వినాలె?" అంది.

నిత్య చెక్కపిట్టను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నేను నీళ్లిచ్చాను. కళ్లు మలుపు మీదే పెట్టి మొదలుపెట్టింది.

"బస్టాండుల ఒక మేక ఉండె. దానికి టికెట్లు తినుడు అలవాటు. టికెట్లు ఒడిసినయ్. కండక్టర్ టోపీ తిన్నది. టోపీ రుచి వడ్డది. ఇగ బస్సునే మింగింది..."

పందిరి కింద తెలుగు వచ్చినవాళ్లు నవ్వారు. లక్ష్మీబాయి అదే మాటను గోండీలో మిగతావాళ్లకు చెప్పింది. మళ్లీ నవ్వు. కథ అలాగే సాగింది. ప్రతి నవ్వూ రెండుసార్లు వచ్చేది. రెండో నవ్వు కోసం ఆగడం నిత్యకు అలవాటైంది. గొంతు కాస్త పెరిగింది. మేక కడుపులో జనం గట్క వండుకున్నారు, ఒక పెండ్లి చేశారు, కండక్టర్ చీకట్లోనే టికెట్లు కొడుతున్నాడు. చెబుతున్నంతసేపూ కళ్లు మాత్రం మలుపు మీదే. అక్కడ ఎండ తప్ప ఏమీ కదలడం లేదు.

"...అప్పుడు మేకకు తుమ్ము వచ్చింది. తుమ్మితే బస్సు ఎగిరి ఎటో వడ్డది. కండక్టర్ బయటికి చూసిండు. గిది ఏ స్టేజి అని అందరు అడిగిండ్రు. నాకు ఎర్కలే, టికెట్ లేని ఊరు, దిగుండ్రి అన్నడు. అందరు దిగిండ్రు."

కథ అయిపోయింది. రెండో నవ్వు కూడా అయిపోయింది.

శీను రాలేదు.

మలుపు దాకా పోయి రావడానికి ఇంతసేపు అక్కర్లేదు. నిత్య లేచి నిలబడింది. పందిరి కింద కట్టలు కట్టే చేతులు ఆగాయి. కథకూ తొవ్వకూ సంబంధం లేదని వేములవాడలో పాఠం చెప్పిన సారును, నేనే ఎండలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాను. నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది. నిత్య పందిరి దాటి ఎండలోకి రెండడుగులు వేసింది.

"ఓ కోడలా!"

వెనక నుంచి. రోడ్డు వైపు కాదు, కొట్టు వెనక అడవి వైపు నుంచి. చొక్కాకు ముళ్లు గీరుకుపోయి, చెమటతో తడిసి, కాలు ఈడ్చుకుంటూ శీను వస్తున్నాడు. భుజం మీది తువ్వాల ఇప్పుడు మూటై చేతిలో ఉంది.

"నిజంగనే తొవ్వ తప్పిన్నే!" అన్నాడు రొప్పుతూ. మూట విప్పాడు. నిండా పసుపుపచ్చని తునికి పండ్లు. "తప్పితెనే గీ చెట్టు దొరికింది. ఏడాది సంది ఈడ ఉన్న, గా చెట్టు నాకు ఎర్కలే."

నిజంగా తప్పాడో, కావాలని చుట్టు తిరిగి వచ్చాడో నేను అడగలేదు. ఇప్పటికీ అడగను.

నిత్య వాడి దగ్గరికి పోయింది. చొక్కా ముట్టి చూసింది. వంగి కాలు ముట్టి చూసింది. అప్పుడు ఏడ్చింది. ఏడాదిపాటు దాచుకున్నదంతా, ఆ పందిరి ముందు, పట్టపగలు, వాడి నడుం పట్టుకుని ఏడ్చింది. లక్ష్మీబాయి ఆకులు పక్కకు జరిపి కళ్లు తుడుచుకుంది. దీన్ని మాత్రం ఎవరికీ గోండీలో చెప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాత అందరం పండ్లు తిన్నాం. తునికి పండు తియ్యగా ఉంటుంది, చివర్లో కొద్దిగా వగరు. గింజ ఉమ్మేసి నిత్య అడిగింది. "మామా, రేపు ఇంకోటి చెప్పనా? ఇంక దూరం పోతవా?"

తిరుగు బస్సు

ఆ గూడెంలో ఇంకొన్నాళ్లు ఉన్నాం. దసరాకు వస్తానని శీను మాటిచ్చాడు. బావతో నేను ముందే మాట్లాడాలి, సాంచాల ఊసెత్తకూడదు, అది షరతు. నిత్య రోజూ పగలు ఒక కథ చెప్పింది. శీను రోజూ ఏదో ఒకటి పట్టుకొచ్చాడు. ఒకనాడు మొర్రిపండ్లు, ఒకనాడు నెమలి ఈక, ఒకనాడు ఉత్త చేతులు. ఉత్త చేతులతో వచ్చిన రోజు కథ బాగాలేదని వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్కన నిత్య, ఒళ్లో చెక్కపిట్ట. ఎండ అలాగే ఉంది. గోదావరి ఇసుక అలాగే ఉంది. వేడిగాలి ముఖానికి కొడుతుంటే నేను కళ్లు మూసుకుని వింటున్నాను. పిట్ట ఎటు పోతోందో ఇప్పుడు తేలుతోంది. నిర్మల్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు మెట్‌పల్లి దాటినా అయిపోలేదు. ఆ గొంతు వింటూ ఉంటే నాకు నిద్ర రావడం లేదు, మెలకువా లేదు. నా కూలర్ ఏ రోజూ ఇంత బాగా పాడలేదు.

"యే సారూ! మీ టికెట్ కోరుట్ల దాకనే గద?" కండక్టరమ్మ మా సీటు పక్కన నిలబడి ఉంది. "కోరుట్ల ఎప్పుడో పాయె. గింత పెద్ద మనిషివి, చూసుకోవా?"

నేను గాభరాగా లేచి సంచులు వెతుక్కుంటున్నాను. ఆమె విసుగు తగ్గి, నిత్య గడ్డం పట్టుకుని అందరూ అడిగేదే అడిగింది.

"సెలవులల్ల ఏం జేసినవ్ బిడ్డా?"

నిత్య నన్ను చూసింది. వెలిగిపోతున్న ముఖంతో బస్సంతా వినబడేలా చెప్పింది.

"మా మామలను తొవ్వ తప్పిచ్చిన. ఇద్దర్ని!"